పెద్దమ్మ నెత్తిన గంప

మొన్న మోకాలి నొప్పికని ఆస్పత్రికి వెళితే, అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను కుర్చీలోంచి లేపి, గోడదాకా నడిపించి, వెనక్కి తిప్పి, చివర్న ఎంతో మామూలుగా, "పడిపోతానేమోనని భయంగా ఉంటుందా అమ్మా?" అని అడిగింది. ఉంటుందన్నాను. ఎక్కడ భయం, ఆ భయంతో ఏయే పనులు మానేశారు అని మళ్ళీ అడిగింది. ఆ పిల్లని దీవించాలనిపించింది. కానీ ఇంటికొచ్చేదాకా నా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంత చిన్న మాట మా పెద్దమ్మని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు.

మా అమ్మకి అక్క ఆవిడ. తెల్లారేసరికి హార్బరు దగ్గర చేపలు కొని, గంప నెత్తినెత్తుకుని కంచరపాలెం సందులన్నీ తిరిగి అమ్మేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తూనే బేరమాడేది. మాటలు సగం అర్థమయ్యేవి కావు గానీ ధర మాత్రం అందరికీ స్పష్టంగా వినపడేది. గంప ఎత్తించడానికి ఎవరో ఒకరు సాయం పట్టాలి. ఒకసారి నెత్తికెక్కాక ఇక దాని మీద చెయ్యి వేసేది కాదు, రెండు చేతులూ బేరాలకే. రైలు పట్టాలు దాటేటప్పుడు కూడా ఆవిడ తన కాళ్ళవంక చూసుకోగా నేనెరగను.

తొంభైల చివర్లో ఆవిడ కొడుకు, మా అన్నయ్య, స్టీల్ ప్లాంటులో కుదిరి క్వార్టరు రాగానే, ఇంకా గంప మోస్తే నలుగురూ ఏమనుకుంటారని తల్లిని తనదగ్గరికి తెచ్చేసుకున్నాడు. మంచి కొడుకే. అందుకే నాకు ఇంకా కోపం. ఆ ఇంట్లో నున్నటి మొజాయిక్ నేల. ఒకరోజు తడిమీద కాలు జారి పెద్దమ్మ పడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పెద్ద డాక్టరట, ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసి, ఎముక విరగలేదు, అదృష్టం అని అన్నయ్యతో చెప్పాడు. పడింది పెద్దమ్మ, మాటలన్నీ అన్నయ్యతో. "మల్లీ పడిపోతానేమోనని బయమేత్తంది బాబూ" అని ఆవిడే నోరు తెరిచి చెప్పుకుంది. ఆయన నవ్వి, వయసు కదా, ఇంట్లో కూర్చోబెట్టండి అన్నాడు. కాలు నొక్కి చూశాడు, వంచి చూశాడు. లేచి నాలుగడుగులు వెయ్యమని మాత్రం అనలేదు. వయసట! పడటానికి ముందురోజు లేని వయసు మర్నాటికి ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

అప్పట్నుంచి ఇంట్లో ఒకటే పాట. "లెగకమ్మా, ఏటి కావాలన్నా మేం తెత్తాం" అని అన్నయ్య అనడం, వదిన కంచం మంచం దగ్గరికే తేవడం. ఆవిడ కాలు కింద పెడితే చాలు, ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకునేవాళ్ళు. వాళ్ళ కంగారు చూసి ఆవిడకి బెదురు ఇంకా పెరిగింది. ఎవరూ లేనప్పుడు లేచినా గోడ పట్టుకుని, నేలవంకే చూస్తూ, పాదాలు ఈడ్చుకుంటూ నడిచేది.

ఒక మధ్యాహ్నం నేను చూడ్డానికి వెళ్ళాను. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు, వదిన బజారుకెళ్ళింది. పెద్దమ్మ మంచం కిందనించి పాత గంప నాచేత లాగించి, అందులో కాసిని బియ్యం పోయించి, "ఎత్తించవే అమ్మీ" అంది. ఎత్తించాను. మెడ నిలబడింది, నడుం నిలబడింది, చూపు నేలని వదిలి ఎదురుగా వెళ్ళింది. నేను చేతులు చాచుకుని వెనకాల వస్తుంటే, గోడ ముట్టకుండా వరండా చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. "నెత్తి మీద బరువుంటే కాళ్ళకి బయం నేదే" అంది. పడ్డ తర్వాత ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే అన్నయ్య గేటు తీశాడు. కేకలెయ్యలేదు, వచ్చి గంప దింపి, తల్లి ముందు కూలబడి ఏడ్చాడు. మర్నాడే ఆ గంపని వీధిలో చేపలమ్మే మనిషికి ఇచ్చేశాడు. నేను పోట్లాడాను. గంప వద్దంటే పోనీ, పక్కనే ఉండి రోజూ కాస్త నడిపించమన్నాను. పడితే నువ్వొచ్చి చేస్తావా అన్నాడు. పెద్దమ్మే నన్ను ఆపింది. "ఊరుకోవే, ఆడికి నాకంటే ఎక్కువ బయం" అంది.

ఆవిడ మళ్ళీ పడలేదు. పడాలంటే ముందు లేవాలి కదా. రెండేళ్ళు తిరిగేసరికి పిక్కలు కరిగిపోయి, ఇద్దరు పట్టుకున్నా నిలబడలేని స్థితికి వచ్చి, ఆ మంచం మీదే పోయింది. పరామర్శకి వచ్చినవాళ్ళతో అన్నయ్య, అమ్మని మళ్ళీ ఒక్కసారి కూడా పడనివ్వలేదని చెప్పుకున్నాడు. పాడె ఎత్తినవాళ్ళు ఎంత తేలికగా ఉందో అని ఆశ్చర్యపోయారు. అంతా వయసు మహిమ అన్నారు. వయసుకి నోరు లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే, మీరు చేసింది నా మీదకెందుకు నెడతారని ఆ వాకిట్లోనే వాళ్ళందరినీ నిలదీసేది.