మట్టి పోయరాదు

ఇదొక మహాకావ్యం. ఇందులో కొండలు నడిచి వస్తాయి, ఒక స్త్రీ నిండుసభలో శపథం చేస్తుంది, ధరలు ఆకాశానికెక్కి అక్కడే కాపురం పెడతాయి.

నిజం చెప్పాలంటే కొండలు నడిచి రాలేదు, టిప్పర్లలో వచ్చాయి. నిండుసభ అంటే రేకుల షెడ్డులో ముగ్గురం. ధరల సంగతి మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను.

అప్పటికింకా ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో స్తంభాలు లేవలేదు. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య మున్సిపాలిటీ సొంత జాగా ఒకటి బండలతో, తుమ్మచెట్లతో పడి ఉండేది. మామూలు జనం కూడా ఆడుకునేలా అందులో తొమ్మిది గుంతల చిన్న గోల్ఫ్ మైదానం కట్టమని మంజూరు వచ్చింది. నేను కాంట్రాక్టు మీద సైటు ఇంజనీరును. గోల్ఫ్ అంటే నాకు టీవీలో చానెళ్లు మారుస్తుంటే మధ్యలో తగిలే ఆట. రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వస్తూ నా పని గురించి చెబితే పక్కవాళ్లది ఒకటే మాట: "రోడ్డు మీది గుంతలు పూడ్వరు గనీ, ఆడ కొత్తయి తవ్వుతున్రా?"

అప్పటికి మేం ఒక్కటీ తవ్వలేదు. ఆ మాట చెప్పుకోవడం ఇంకా సిగ్గుచేటని ఊరుకునేవాణ్ణి.

ఎస్టిమేట్ వేసిన రోజుకూ పని మొదలైన రోజుకూ మధ్య డీజిల్ పెరిగింది, డీజిల్‌తో పాటు మట్టి పెరిగింది. గోల్ఫ్‌కు ఎత్తుపల్లాలు కావాలట. మంజూరైన డబ్బు పల్లాల వరకే సరిపోయేలా ఉంది.

"పాత రేటుకు నాతోని కాదు మేడం," అన్నాడు కాంట్రాక్టరు, షెడ్డులో కూర్చుని. "రేటు పెంచుమని పైకి రాయుండ్రి. లేకుంటే మిషన్లు తీస్కపోత."

మా డిప్యూటీ ఇంజనీరు మేడంది గుంటూరు వైపు. "రాస్తే ఫైలు పైకెళ్తుంది. పైకెళ్లిన ఫైలు కిందకి దిగడం నేనింతవరకూ చూళ్లేదు. ఈలోగా ఇక్కడ ఫంక్షన్ హాలు కట్టేద్దామని కాచుక్కూర్చున్నవాళ్లున్నారు. రూపాయి ఎక్కువ అడగను. మైదానం ఆగదు," అంది.

ఇదే శపథం. ఇలాంటి మాటకు వెనక ఉరుము ఉరమాలి. కరెంటు పోయింది, అంతే.

మైదానం ఆగితే ఆవిడ మాట పోతుంది. నా ఉద్యోగాన్ని ఆ పనికే కట్టేశారు కాబట్టి నేనూ పోతాను.

ముందు బండల దగ్గర డబ్బు మిగిల్చాం. బంతికి అడ్డంగా ఏవేవో కట్టాలని నక్షాలో ఉంది. దేవుడు ఎప్పుడో కట్టిపోయాడు కదా అని బండల్ని పేల్చకుండా వదిలేశాం. ఇక మిగిలింది మట్టి. "అది మీరు జూసుకుంటే మిషన్లు నడిపిస్త," అన్నాడు కాంట్రాక్టరు, మేం చూసుకోలేమన్న గట్టి నమ్మకంతో.

నాచారంలో అప్పుడు సందుకో అపార్ట్‌మెంటు లేస్తోంది. సెల్లార్ తవ్వినవాళ్లకు మట్టి ఎక్కడ పోయాలో తెలియదు, మాకు ఎక్కడ దొరుకుతుందో తెలియదు. "ఇక్కడ మట్టి ఉచితంగా పోయవచ్చు" అని బోర్డు రాయించి గేటు దగ్గర నిలబెట్టాను. ఒక్క టిప్పర్ రాలేదు. చాయ్ బండి దగ్గర ఓ డ్రైవర్‌ను పట్టుకుని ఎందుకని అడిగాను.

"సర్కారోళ్లు ఫిరీ అని రాసిన్రంటే ఏందో మతలబు ఉంటదన్నా. పోసినంక రసీదంటరు, బండి జప్తంటరు. మాకెందుకు గా ఫికర్?"

ఆ సాయంత్రం షేర్ ఆటోలోంచి దారిపొడుగునా చూశాను. "చెత్త వేయరాదు" అని ఎక్కడ రాసి ఉందో సరిగ్గా అక్కడ బోర్డు మెడదాకా చెత్త. బోర్డు లేని ఖాళీ స్థలాలు శుభ్రంగా ఉన్నాయి. మనవాళ్లకు "వద్దు" అని రాసి ఉందంటే అందరూ అక్కడే వేస్తున్నారని అర్థం.

మర్నాడు బోర్డు మార్పించాను: "ఇక్కడ మట్టి పోయరాదు. అతిక్రమించినచో కఠిన చర్యలు తీసుకొనబడును."

"ఇదేం ఇంజనీరింగయ్యా?" అంది మేడం.

"ఖర్చు పెయింట్‌దే మేడం."

ఆవిడ నక్షా తీసి చూసింది. "అయితే గేటు దగ్గరెందుకు? మూడో గుంత పక్కన దిబ్బ కావాలి, అక్కడ పాతించు."

తెల్లారేసరికి అక్కడ కొండ ఉంది. ఆ తరవాత మా పని తేలికైపోయింది. దిబ్బ ఎక్కడ కావాలో సాయంత్రం అక్కడ బోర్డు పాతడం, పొద్దున వచ్చి ఆశ్చర్యం నటించడం. మట్టితో పాటు పగిలిన టైల్సు, ఒకసారి ఏకంగా కమోడ్ కూడా వచ్చాయి. వాటిని ఏరి అడుగున వేయించి, మంచి మట్టి పైన పరిపించింది మేడం. ఏడో గుంత దగ్గర నేల అంత గట్టిగా ఎందుకుందో ఆడేవాళ్లకు చెప్పలేదు.

"గీ బోర్డుకు జీతమియ్యుండ్రి మేడం," అన్నాడు కాంట్రాక్టరు, మిషన్లు నడిపిస్తూ. "మీ ఇంజనీరు కన్న మస్తు పని జేస్తున్నది."

దిబ్బలన్నీ పూర్తయ్యాయి. మట్టి రావడం ఆగలేదు. గుంతలు కూడా పూడిపోయే ప్రమాదం వచ్చింది. మేడం కాసేపు ఆలోచించి, "ఆ పాత బోర్డు ఉందా?" అంది. షెడ్డు వెనక నుంచి తెచ్చి పాతాం: ఇక్కడ మట్టి ఉచితంగా పోయవచ్చు. మర్నాటి నుంచి ఒక్క బండి వస్తే ఒట్టు.

రూపాయి ఎక్కువ అడగకుండానే మైదానం పూర్తయింది. ప్రారంభం రోజున మేడం చేత మొదటి బంతి కొట్టించారు. అది మేం పేల్చకుండా మిగిల్చిన బండకు తగిలి తుమ్మల్లోకి పోయింది. ఆవిడ కర్ర నా చేతికిచ్చి, "అయిపోయిందయ్యా," అంది తృప్తిగా.

పని ఆగితే ఉద్యోగం పోతుందని అన్నాళ్లూ కష్టపడ్డాను. పని పూర్తయినా పోతుందన్నది నాకు అప్పుడు తట్టింది. ఆవిడకు ముందే తట్టినట్టుంది. "రేపు అంబర్‌పేట్ రా. మురికినాలా పని ఉంది, అక్కడా రేట్లు పెరిగాయి," అంది.

మైదానం పొద్దున ఆరింటికి తెరుస్తారు. సోమవారం సెలవు.