ఫుల్ ఇన్సూరెన్స్‌లో ఇంజన్ లేదు

2020 వానాకాలం. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద అప్పుడు నాకు కార్ల షెడ్డు ఉండేది. ఇప్పుడు లేదు. రేకుల మీద వాన చప్పుడు, ఇంజన్ ఆయిల్ వాసన మాత్రం నన్ను వదలలేదు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, మెల్లగానే రాస్తాను. ఆ షెడ్డు గురించి రాద్దామని కూర్చుంటే ముందు కొత్తవాడ యాకూబ్ కారే గుర్తుకొస్తుంది.

యాకూబ్ వాళ్లది జంపఖానాలు నేసిన ఇల్లు. మగ్గాలు అమ్మి, పాత కారు కొని కిరాయికి తిప్పేవాడు. ఇల్లంతా దాని మీదే బతికేది. ఆ వానలకు గల్లీలోకి నీళ్లొచ్చి కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తగ్గాక యాకూబ్, వాళ్ల నాయన ఖాసిం భాయ్ దాన్ని కట్టి లాగించుకుని నా దగ్గరికి తెచ్చారు.

"ఫికర్ లేదు కాకా, ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నది" అన్నాడు యాకూబ్.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి. ఓన్ డ్యామేజ్ అంటే మన బండికి జరిగినదానికి, వరద కూడా అందులోదే. ఈ రెండూ కలిస్తే జనం ఫుల్ అంటారు. కానీ మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్ నీళ్లు మింగి లోపలి రాడ్లు వంగుతాయి. అది చేజేతులా చేసుకున్నదంటుంది కంపెనీ. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. యాకూబ్ తీసుకోలేదు.

ఇంజన్ విప్పితే రాడ్డు వంగి ఉంది. తాను తాళం ముట్టలేదని యాకూబ్ ఒట్టు పెట్టాడు.

మర్నాడు సర్వేయర్, అంటే నష్టం చూసి కంపెనీకి చెప్పే మనిషి వచ్చాడు. బండిని ఎవరైనా స్టార్ట్ చేశారా అని అడిగాడు. లేదని చెప్పి, నన్ను కూడా అదే అనమన్నట్టు యాకూబ్ నా మొహం చూశాడు. నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న ఖాసిం భాయ్ లేచాడు.

"నేనే తిప్పిన సార్. మగ్గం తడిస్తే ఒక్క వరస నేసి చూస్తం, పోగు ఆగుతదా తెగుతదా అని. ఇది గూడ గట్లనే అనుకున్న."

"అబ్బా, జర ఊకో" అన్నాడు యాకూబ్ తండ్రితో.

"నేను ఊకుంటే వంగిన రాడ్డు సక్కగైతదారా?"

సర్వేయర్‌కు నవ్వు ఆగలేదు. అయినా సీట్లు, వైరింగ్ ఖర్చు పాస్ చేసి, ఇంజన్ ఖర్చు కొట్టేశాడు. ఆ రోజు నుంచి యాకూబ్ తండ్రితో మాట్లాడటం మానేశాడు.

కొడుకు ఇంకొకరి కారు నడిపాడు. తండ్రి ఆ వయసులో పక్కింటివాళ్ల మగ్గం మీద కూర్చున్నాడు. నేను పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి రాడ్లు వెతికి తెచ్చి ఇంజన్ కట్టాను. బండి తయారైన రోజు ఖాసిం భాయ్ లోపలికి రాకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు. యాకూబ్ ఆయన దగ్గరికి పోయి తాళం చేతిలో పెట్టాడు.

"రా అబ్బా. ఇప్పుడు తిప్పు."

ఆయన చెయ్యి లుంగీకి తుడుచుకుని తిప్పాడు. ఒక్క దెబ్బకే బండి అందుకుంది. తండ్రీకొడుకులు అందులోనే ఇంటికి పోయారు.

ఆ తర్వాత పాలసీ సంగతి ఎవరడిగినా డ్రైవరు ఒక్కడికే చెప్పి వదల్లేదు. తాళం చేతికందే ఇంటివాళ్లందరినీ పిలవమన్నాను. మునిగిన బండిని డ్రైవరు ముట్టడు. వాడి బతుకు మీద బెంగ ఉన్నవాళ్లే స్టార్ట్ చేస్తారు.