సేవ కర్ర

పోయిన ఏడాది కంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరే ముందు, భిలాయి సెక్టర్ 4లో మా ఇంటి వరండాలో ఉన్న రెండు పాత టేకు కుర్చీలను మా అబ్బాయికి చూపించాను. మా తాత విజయనగరం దగ్గర పల్లెలో చేయించుకున్నవి. ఇక్కడ స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చినప్పుడు నేనే రైల్లో తెచ్చుకున్నాను.

"ఇది మామూలు కర్ర కాదురా. సేవ కర్ర" అన్నాను.

చేవని మావైపు సేవ అంటాం. మాను నడుమ ముదురు రంగులో ఉండే, చెద ముట్టని కర్ర. ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్న మావాడు "ఠీక్ హై నాన్నా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి వరండా ఖాళీ.

"కుర్చీలేవిరా?"

"పొద్దున్న భండారా వాళ్లు వంట కర్రల కోసం వచ్చారు నాన్నా. సేవ కర్ర అని నువ్వే కదా అన్నావు? సేవా కే లియే ఇచ్చేశా."

కంటి కట్టుతోనే వీధి చివర భండారా అన్నదానం దగ్గరికి పరుగెత్తాను. కడాయి కింద మా తాత చెయ్యి ఆన్చుకున్న కర్ర ఎర్రగా కాలుతోంది.

"అంకుల్, బహుత్ బడీ సేవా కీ ఆప్‌నే!" అంటూ ఒకాయన నా చేతిలో పూరీల దొన్నె పెట్టాడు. పక్కన మావాడు గర్వంగా నవ్వుతున్నాడు. వాడికి చెబుదామని నోరు తెరిచాను. చేవని హిందీలో ఏమంటారో నాకు తెలియలేదు.

ఇప్పుడు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మావాడే కొన్నాడు, చెద పట్టదని.