గేటు దాకా డ్రైవరు

రోజారమణి గురించి చెప్పేముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. ఎందుకంటే ఆమెకి తప్పుడు సలహా ఇచ్చింది నేనే. నా పేరు సూసన్. నందిగామలో హైస్కూలు టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకి సోషల్లో హక్కుల పాఠం చెబుతున్నాను. రోజారమణి మా వీధి మనిషి, మా చర్చి మనిషి, నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆమె కూతురు బ్లెస్సీ నా దగ్గరే పదో తరగతి చదివింది.

రోజారమణి భర్త ప్రేమదాసు లారీ డ్రైవరు. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల నుంచి బెజవాడ గోడౌన్లకి బస్తాలు తోలేవాడు. షుగరొచ్చింది. మందులు వేసుకోవయ్యా అంటే నాకేం రోగం అని మిఠాయి కొట్టు ముందే బండి ఆపేవాడు. నాలుగేళ్లు తిరిగేసరికి చూపు మసకబారింది. ఓనరుకి తెలిస్తే బండి దింపేస్తాడని ఆ సంగతి దాచాడు. దాచి ఏం చేశాడంటే, పెళ్లాన్ని క్లీనరని చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ముందు బస్సుందనీ, ఎడం పక్క బండి ఆగి ఉందనీ, బ్రేకు వెయ్యమనీ ఆమె చెబుతుంటే ఈయనగారు నడిపేవాడు. తర్వాతెప్పుడో ఈ మాట విని నా గుండె ఆగినంత పనైంది. అదే హైవే మీద నేను రోజూ స్కూటీ మీద పోతాను! ఆమెని చెడామడా తిట్టాను.

"ఎన్నాళ్లో చెయ్యలేదులే అక్కా. నాకూ భయమేసింది. రెండు నెలలకే నువ్వు పక్కకి జరగవయ్యా అని నేనే కూర్చున్నా," అంది నిమ్మకు నీరెత్తినట్టు.

అలా నేర్చుకుంది లారీ. ముందు చిన్న లైసెన్సు తీసుకుంది, ఏడాది ఆగి హెవీకి పెట్టుకుంది. టెస్టు రోజు బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆమెని ఎగాదిగా చూసి, ఈ వయసులో నీకెందుకమ్మా ఇది అన్నాడట. అప్పటికి ఆమెకి ముప్పై తొమ్మిది. బండి ఎనిమిది ఆకారంలో తిప్పి, వెనక్కి తీసుకెళ్లి గీత దాటకుండా పెట్టింది. ఆయన సంతకం పెట్టాడు. ఈలోపు ప్రేమదాసుకి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోబోతోంది. ఇంట్లో మంచమెక్కాడు.

రోజారమణికి లారీ మీద మోజేం లేదు. ఆమె కోరిక ఒక్కటే. నందిగామ శివారులో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు బస్సులకి ఆడ డ్రైవర్లు కావాలని బోర్డు పెట్టారు. నెల జీతం. సాయంత్రం ఐదింటికల్లా ఇంట్లో ఉండొచ్చు, మొగుడికి ఇంజెక్షన్ వేయొచ్చు, పిల్ల చదువు చూసుకోవచ్చు. అయితే హెవీ బండి ఏడాదిపాటు నడిపినట్టు ఓనరు రాసిచ్చిన లెటరు తెమ్మన్నారు. ఆ లెటరు కోసం తిరుపతిరావు దగ్గర చేరింది. ఆయనది జగ్గయ్యపేటలో సిమెంటు హోల్‌సేల్ వ్యాపారం, ఐదు లారీలు. ప్రేమదాసు పాత ఓనరు కూడా ఆయనే.

తిరుపతిరావు కాదనలేదు. డ్రైవర్లు దొరక్క తల పట్టుకుని ఉన్నాడు మరి. ఏడాది నడుపు, లెటరు ఇస్తానన్నాడు. తీరా మొదటి లోడుకి వెళితే ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాడు ఆపేశాడు. అది ఏ ఫ్యాక్టరీ అని అడక్కండి, చెప్పను. లోపల ఆడవాళ్లకి పర్మిషన్ లేదన్నాడు. బాత్రూముల్లేవు, ఏదన్నా జరిగితే మా మీదకొస్తుంది, గేటు పాసు ఇవ్వం అన్నాడు. బాత్రూము కట్టడం చేతగాని ఫ్యాక్టరీ రోజుకి ఎన్ని లారీల సిమెంటు చేస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

దానికి తిరుపతిరావు ఉపాయం కనిపెట్టాడు. ప్రేమదాసు తమ్ముడు థామస్‌కి హెవీ లైసెన్సుంది. ఎప్పుడో తీసుకున్నాడు, నడిపేది మాత్రం ఆటో. అతని పేరు మీద గేటు పాసు తీశారు. రోజారమణి లారీని గేటు దాకా తేవాలి. అక్కడ దిగిపోవాలి. టీకొట్టు దగ్గరున్న థామస్ ఎక్కి బండి లోపలికి తీసుకెళ్లి, బస్తాలు ఎత్తించుకుని, బయటికి తెచ్చి ఇవ్వాలి. మళ్లీ ఆమె ఎక్కి బెజవాడ పోవాలి. గేటు రిజిస్టర్లో థామస్. బిల్లు మీద డ్రైవరు థామస్. ట్రిప్పు కాగితాల నిండా థామసే.

ఆ రోజు సాయంత్రం మా ఇంటికొచ్చింది. "ఏం చెయ్యమంటావక్కా? నడిపేది నేను, పేరేమో వాడిది. ఇదేం బాగుందా?" అంది.

"లోపల ఉండేది కిలోమీటరే గదే. ఆ కాస్త దూరం ఎవరు నడిపితే ఏంటి? సర్దుకుపో. నీకు కావాల్సింది లెటరు," అన్నాను నేను. నా నోరు పడిపోను! హక్కుల పాఠం చెప్పే నోరది.

సర్దుకుపోయింది. పోయినేడు ఏప్రిల్లో మొదలుపెట్టింది. పొద్దున్నే వంట చేసి, మొగుడికి ఇంజెక్షన్ వేసి, పిల్లని లేపి బయల్దేరేది. గేటు బయట ఒక్కోసారి గంట, ఒక్కోసారి నాలుగు గంటలు. లోపలికి పోయిన థామస్ బండిని వరుసలో పెట్టి నిద్రపోయేవాడు. ఈమె బయట ఎండలో. చుట్టూ మగవాళ్లు, లారీలు, చాటెక్కడా లేదు. అందుకని ఇంటి దగ్గర బయల్దేరింది మొదలు నీళ్లు తాగడం మానేసింది. మేలో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. నాకు చెప్పలేదు, బ్లెస్సీ చెప్పింది.

నడపడంలో మాత్రం ఆమెకి వంక పెట్టినవాడు లేడు. ఒకసారి చందర్లపాడులో ఒక కొట్టుకి లోడు దించాలి. సందు ఎంత ఉందంటే లారీకి అటూ ఇటూ జానెడు. పైగా వెనక్కే పోవాలి. ఊళ్లో సగంమంది వినోదం చూడ్డానికి చేరారు. ఒకాయన గోడ పోయిందిరా దేవుడా అని ముందే తల బాదుకున్నాడట. ఈమె దిగి ఒకసారి సందు చివరిదాకా నడిచి చూసుకుని, ఎక్కి, ఒక్క గీత పడకుండా పెట్టింది. తల బాదుకున్నాయనే టీ తెప్పించాడు. కీసర టోల్‌గేటు దగ్గర పనిచేసే అమ్మాయి ఈ లారీ కనబడితే చెయ్యి ఊపేది. రోడ్డు పొడుగునా అందరికీ తెలుసు డ్రైవరెవరో. కాగితానికే తెలియదు.

పదకొండు నెలలు అలా గడిచాయి. మార్చి వచ్చింది. ఇంకో ఇరవై రోజులు పోతే ఏడాది నిండుతుంది. అలాంటి ఒక రోజు, మర్నాడు బ్లెస్సీకి పదో తరగతి లెక్కల పరీక్ష. పిల్ల లెక్కలంటే వణికిపోతుంది, అమ్మ పక్కనుంటే గానీ పుస్తకం తెరవదు. ఎలాగైనా చీకటిపడేలోపు ఇల్లు చేరాలని రోజారమణి ఆదరాబాదరాగా గేటు దగ్గరికొచ్చింది. థామస్ ఎక్కుతుంటే గుప్పున వాసనొచ్చింది.

"థామసూ, తాగావా?"

"అబ్బా, ఎప్పుడో పొద్దున కొంచెం. కిలోమీటరు దూరానికి ఏంటొదినా నీ గోల?" అన్నాడు.

ఆమె తాళాలు ఇచ్చేసింది. బండి ఆ రోజు వరుసలో పెట్టకపోతే పిల్ల దగ్గరికి చేరేది ఎప్పటికో. ఇచ్చానక్కా, నా చేత్తోనే ఇచ్చానని ఎన్నిసార్లు చెప్పుకుందో.

లోపల థామస్ లారీని లోడింగు గట్టుకి వెనక్కి పెడుతూ అద్దం చూడలేదు. గట్టు పక్కన ముఠా కూలీ ఇశ్రాయేలు వంగి తాడు చుడుతున్నాడు. వెనక చక్రం అతని కుడికాలి మీదికెక్కింది. కేకలు గేటు బయటికి వినిపించాయి. రోజారమణి లోపలికి పరిగెత్తబోతే సెక్యూరిటీవాడు అడ్డంపడ్డాడు, లేడీస్‌కి పర్మిషన్ లేదని. అప్పుడు కూడా!

సాయంత్రం తిరుపతిరావు కారులో వాళ్లింటికొచ్చాడు. పదకొండు నెలల్లో ఆ గడప తొక్కని మనిషి యాపిల్ పండ్లతో వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, బ్లెస్సీ చేత లెక్కలు చేయిస్తున్నాను.

"దేవుడు చల్లగా చూశాడు రోజమ్మా, ప్రాణం పోలేదు," అన్నాడు కూర్చుంటూ.

"కాలు తీసేస్తారంటండి," అంది ఆమె.

"అదే నా బాధ గూడా. థామస్ తాగున్నాడు. ఆ మాట కాగితం మీదకెక్కితే ఇన్సూరెన్సు వాళ్లు రూపాయి ఇవ్వరు. ఇశ్రాయేలు పెళ్లాం పిల్లలు రోడ్డున పడతారు. మీ లైసెన్సు మీద మచ్చ లేదు. మీరే నడిపారని ఒక్క మాట చెప్పండి చాలు. ఆడమనిషి, బెయిలు చిటికెలో వచ్చుద్ది. లెటరు రేపు పొద్దున్నే మీ చేతికిస్తా. ఏడాదేంటి, మూడేళ్లని రాసిస్తా."

"మరి గేటు రిజిస్టర్లో థామస్ పేరుంది గదండి?"

"ఆ పేజీ సంగతి నేను చూసుకుంటాగా. మీ పేరు రాయిస్తా."

"ఆ ఒక్క పేజీలోనేనా అండి? మిగతా పదకొండు నెలల పేజీల్లో గూడా రాయిస్తారా?" అంది.

ఆయన నవ్వాడు. చిన్నపిల్ల ఏదో అడిగితే నవ్వినట్టు నవ్వాడు. "అదెట్లా కుదురుద్దమ్మా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు మంచం మీంచి ప్రేమదాసు అందుకున్నాడు. "ఒప్పుకోవే. వాడు నా తమ్ముడు. వాడు జైలుకి పోతే వాడి పిల్లలేం గావాల?"

"నేను పోతే నీ పిల్లేం గావాలయ్యా? నీకు సూది ఎవరేస్తారు?" అంది ఆమె. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలు ఆమె చెబితే రోడ్డు చూసిన మనిషి, ఆ పూట ఆమె మొహం కూడా చూడదల్చుకోలేదు.

లెటరిచ్చి, దానితోపాటే కేసూ ఇస్తే ఏ స్కూలు వాడు బస్సు ఇస్తాడు? అంతమాత్రం లెక్క ఆమెకి తెలుసు. "నేను నడపలేదండి. గేటు బయట నిలబడ్డా. రోజూ నిలబడ్డట్టే నిలబడ్డా. ఎవరడిగినా అదే చెబుతా," అని లేచి, పండ్ల సంచి తీసుకెళ్లి ఆయన కారు సీట్లో పెట్టి వచ్చింది.

మర్నాడు బ్లెస్సీని పరీక్షకి పంపి, జరిగింది చెప్పడానికి ఇద్దరం స్టేషనుకి వెళ్లాం. మాకంటే ముందే తిరుపతిరావు అక్కడ కుర్చీలో ఉన్నాడు. రాత్రికి రాత్రే మాట మార్చేశాడు.

"ఈమె డ్రైవరేంటండి? ప్రేమదాసు భార్య గదా అని జాలిపడి బండెక్కనిచ్చాం. అప్పుడప్పుడు మరిదితో వస్తా ఉంటది. కావాలంటే మా కాగితాలన్నీ చూసుకోండి," అన్నాడు ఎస్సైతో. కళ్లార్పకుండా అన్నాడు.

రోజారమణి మొత్తం చెప్పింది. బెజవాడ, చందర్లపాడు, గేటు, తాళాలు, వాసన, ఏదీ దాచలేదు. ఎస్సై చెడ్డవాడేం కాదు. అంతా విని పెన్ను కిందపెట్టాడు. "అమ్మా, మీరు చెప్పిందంతా రాస్తే, తాగినవాడని తెలిసి బండి ఇచ్చిన డ్రైవరు మీరవుతారు. కేసు మీ మీదకి గూడా వచ్చుద్ది. కాగితాల్లో మీ పేరెక్కడా లేదు. ఆ టైముకి మీరు గేటు బయట ఉన్నారు. అంతవరకే రాస్తా," అని రాయించాడు.

నేను తీసుకుని చదివాను. ప్రేమదాసు భార్య రోజారమణి, వయసు నలభై ఒకటి, వృత్తి గృహిణి. సంఘటన జరిగినప్పుడు ఫ్యాక్టరీ బయట ఉన్నాననియు, లారీ నడుపుటతో తనకు ఎట్టి సంబంధము లేదనియు.

"ఎట్టి సంబంధం లేదని రాశారక్కా," అంది. "సంతకం పెడితే ఈ ఏడాదంతా నేను నడపనట్టే గదా?"

పెట్టకపోతే కేసు. పెడితే ఏడాది గల్లంతు. కక్కలేక మింగలేక నిలబడింది. నేను పెన్ను తీసి ఆమె చేతికిచ్చాను. పెట్టింది.

అక్కడ్నించి ఇశ్రాయేలున్న ఆసుపత్రికి వెళ్లాం. అతను మత్తులో ఉన్నాడు. భార్య మాతో మాట్లాడలేదు. రోజారమణి మంచం పట్టీ పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తిరుపతిరావు లారీకి వేరే డ్రైవరొచ్చాడు. రోజారమణికి లెటరు రాలేదు, రాదు. జూన్‌లో స్కూళ్లు తెరిచేముందు, పోయేదేముందిలే అని ఆ ప్రైవేటు స్కూలుకి వెళ్లింది. టెస్టు పెట్టారు. బస్సుని కాంపౌండు చుట్టూ తిప్పి, రెండు బస్సుల మధ్య వెనక్కి పెట్టి చూపించింది. మేనేజరు చప్పట్లు కొట్టాడట. ఆఫీసులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, అనుభవం లెటరు అడిగాడు.

"లేదండి," అంది.

"ఎక్కడా నడపలేదా?"

"లేదండి."

లారీతో సంబంధం లేదని సంతకం పెట్టిన మనిషి ఇంకేం చెబుతుంది? ఆయన పాపం చాలా నొచ్చుకున్నాడట. రూలు రూలే గదమ్మా అని, అదే బస్సులో ఆయా పని ఖాళీ ఉంది, పిల్లల్ని ఎక్కించి దించాలి, చేస్తావా అన్నాడట. జీతం డ్రైవరు జీతంలో సగం కూడా లేదు. సాయంత్రం ఐదింటికల్లా మాత్రం ఇంట్లో ఉండొచ్చు.

ఆ సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని ఇదంతా చెప్పింది. "ఆ పనికన్నా అనుభవం అడగలేదా వాళ్లు?" అన్నాను నేను కడుపుమంటతో.

"అడగలేదక్కా. ఒక బిడ్డ తల్లివి గదా, ఆ అనుభవం చాలన్నారు."