చీటీ లేని బోర్డు

వీధిలో అందరూ అతన్ని బ్రష్షు అనే పిలుస్తారు. ఆ పిలుపుకే అతనూ పలుకుతాడు. దుకాణాలకు బోర్డులు రాయడం అతని పని. ఏం రాయాలో చీటీ మీద రాసిస్తే చాలు, రేకు మీద సుద్ద దారంతో గీతలు కొట్టి, ఎర్ర అక్షరాలకు నల్ల షేడిచ్చి అచ్చంగా దింపేస్తాడు. చీటీలో తప్పుంటే బోర్డులోనూ ఉంటుంది. ఎవరైనా ఎత్తిచూపితే, "నాది చెయ్యి మాత్రమేనండీ, బుర్ర మీది" అని నవ్వేవాడు. నాలుగో తరగతిలోనే బడి మానేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఇంట్లో అంత సరదాగా ఉండేవాడు కాదు. పోయినేడాది కూతురు ఎర్ర గీతలతో నిండిన డిక్టేషన్ కాయితం తెచ్చినప్పుడు, చదవకుండానే మంచం మీదికి విసిరేశాడు. "బోర్డులు రాసేవాడి కూతురికి అక్షరాలు రావా? మొద్దు!" అన్నాడు. పక్కింటివాళ్లకు వినబడేంత గట్టిగానే అన్నాడు.

ఆ పిల్ల ఈ ఏడు తెలుగులో క్లాసు ఫస్టు వచ్చింది.

ఇన్నాళ్లూ ఆమె మంచం మీద బోర్లా పడుకుని రాసుకునేది. అతను ఒక పాత బోర్డు చెక్క తీసి, వడ్రంగి చేత కాళ్లు పెట్టించి, నున్నగా గరుకు కాయితం పట్టి, మీగడ రంగు వేసి బల్ల తయారుచేశాడు. బల్ల ముందువైపు పట్టీ మీద ఏం రాయాలో చీటీ ఇచ్చేవాళ్లు లేరు. మొదటిసారి తన మాట తనే రాశాడు: 'ప్రధమ బహుమతి.' బంగారు రంగు, నల్ల షేడు.

"ఊళ్లో కొట్లన్నీ మెరిపిస్తారు, మన తలుపుకి రంగేసి ఎన్నాళ్లయిందో గుర్తుందా?" అంది భార్య.

"అది కూడా ఫస్టు రానీ, వేస్తా."

కూతురు వచ్చి చదివింది. ఆమె నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్లీ వచ్చింది. "చాలా బాగుంది నాన్నా" అంటూ బల్లంతా చేత్తో నిమిరింది.

మర్నాడు చూస్తే పట్టీ మీదికి తువ్వాలు వేలాడుతోంది. తీసేశాడు. సాయంత్రానికి మళ్లీ ఉంది.

"ఇదెందుకే?"

"ఇంకు పడుతుందని నాన్నా."

"ఇంకు పైన పడుతుంది గానీ ముందెందుకు పడుతుందే?"

ఆమె తల వంచుకుంది. పాత చెక్కతో చేసిన బల్లని నామోషీ పడుతోంది కాబోలు అనుకున్నాడు. మనసు చివుక్కుమంది.

ఆదివారం కూతురి స్నేహితురాలు చదువుకోడానికి వచ్చింది. అతను పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చటుక్కున తువ్వాలు లాగేశాడు. "చూశావా అమ్మా, మా పిల్లకి నేనిచ్చిన బహుమతి!"

ఆ పిల్ల కూడబలుక్కుని చదివింది. "అంకుల్, ప్రథమలో 'థ'కి పొట్టలో చుక్కుండాలి కదా? మీరు 'ధ' రాశారు."

"చీటీ నేనే రాసిచ్చా" అంది కూతురు గబుక్కున. "నేనే తప్పు రాశా."

"నువ్వా! మొన్న నా చేత ఇదే మాటకి చుక్క పెట్టించింది నువ్వే కదే!" స్నేహితురాలు పకపకా నవ్వింది. కూతురు నవ్వలేదు. అతని చెవులు వేడెక్కాయి. తువ్వాలు ఎక్కడ పెట్టాలో తెలియక భుజం మీద వేసుకున్నాడు.

స్నేహితురాలు వెళ్లాక నల్ల రంగు డబ్బా తెచ్చి బల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎక్కడ పెట్టాలో చూపించు."

ఆమె వేలితో చూపించింది. అతను సన్నటి బ్రష్షుతో చుక్క పెట్టాడు.

"తప్పని నీకెలా తెలుసు?"

"పోయినేడాది డిక్టేషన్లో నేనూ ఇలాగే రాశా. టీచరు కొట్టేశారు."

"ఎవరు నేర్పారే అలా?"

ఆమె డబ్బా మూత నొక్కి పెట్టింది.

చెప్పక్కర్లేదు. బడికెళ్లే దారిలో కాంపౌండరు గది ఉంది. దాని గోడ మీద 'ప్రధమ చికిత్స' అని అతను రాసిన ఎర్ర అక్షరాలున్నాయి. పిల్లకి అక్షరాలు వస్తున్న కొత్తలో భుజాల మీద ఎక్కించుకుని, "చదువు, మీ నాన్న రాసిందే" అంటూ ఒక్కో అక్షరమే పలికించాడు.

డబ్బా పట్టుకుని లేచాడు. కూతురు వెంట వచ్చింది. వద్దనలేకపోయాడు.

గోడ మీద అతను చుక్క పెట్టగానే కాంపౌండరు బయటికొచ్చాడు. "ఏం బ్రష్షూ, ఇన్నేళ్లకి ఈ చుక్కేమిటయ్యా? నా చీటీలో లేదే?"

పాత జవాబు నోటిదాకా వచ్చింది. అతను పక్కనున్న కూతురి వైపు చూశాడు.

"మీ చీటీ సంగతి వదిలెయ్యండి" అన్నాడు. "నేనే మొద్దుని."

పక్క కొట్టువాళ్లకు కూడా వినబడింది. ఎవరో నవ్వారు. కూతురు తన చెప్పుల కేసి చూస్తూ నిలబడింది, తల ఎత్తలేదు.