మామ జేబులో రోటరు

డోన్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను కడపలో మా వీధి చివర పాల అంగడి దగ్గర ఉన్నాను. మామ షెడ్డు పక్కన పంక్చర్లు వేసే సాయిబు మాట్లాడాడు. "అప్పా, మీ మామ పోయినాడు. ఇంగా ఒక్క బండీ రాల్యా, అప్పుడే చేతులకు గ్రీజు అయింది. కుళాయి కాడ కడుక్కుంటా కూలబడినాడు. నురుగు చేతికి అట్లే ఉండాది" అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె ఆయనకు ఒక్కగానొక్క కూతురు. ఏడవలేదు. పొయ్యి ఆర్పి, "బస్సు ఎప్పుడుంది?" అని అడిగింది. ఆ ఏడవకపోవడం నాకు కొత్త కాదు.

ఆయన నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. పాత పెట్రోలు కార్లు, జీపులు బాగుచేసేవాడు. నెమ్మదస్తుడేమీ కాదు, నోరు పెద్దది. బండి తెచ్చినవాడిని ముందు తిట్టి, తర్వాత బానెట్ ఎత్తేవాడు. "ఎద్దనుకున్యావా, అదిలిస్తే పోతాదనుకుంటివా?" అనేవాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొనను ఇంజినుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ కాసేపు తిట్లు ఉండేవి కావు.

ఇప్పటి కార్లు నడిపేవారికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ పాత ఇంజిన్లలో ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచేది డిస్ట్రిబ్యూటరు. దాని మధ్యలో తిరిగే కడ్డీ షాఫ్టు. షాఫ్టు నెత్తిన కూర్చునే చిన్న ముక్క రోటరు, అది లేకపోతే బండి కదలదు. షాఫ్టు చుట్టూ ఉన్న బుష్షు అరిగితే షాఫ్టు ఊగుతుంది, నిప్పు వంతులు తప్పుతాయి, బండి దగ్గుతూ 'మిస్సింగ్' కొడుతుంది. మామ ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి, ఏది పీకితే తేడా రాదో చూసేవాడు. "రోజూ ఒకే కాడ మిస్సయితే ప్లగ్గు. చోట్లు మారిస్తే షాఫ్టు" అని ఆయన మాట. మూత తీసి, రోటరు లాగి, షాఫ్టును రెండు వేళ్లతో పట్టి అటూ ఇటూ ఊపి చూడటం కూతురికి చిన్నప్పుడే నేర్పాడు.

మా పక్క మెకానిక్కులకు ఒక అలవాటుంది. చిన్నాచితకా పనులు ఎప్పటికప్పుడు చేసినా, బండి విప్పాల్సిన పెద్ద పనులన్నీ ఆయుధపూజకు వాయిదా వేస్తారు. దసరాకు ముందు అన్నీ విప్పి, కడిగి, బాగుచేసి, నిమ్మకాయలు తొక్కించి కొత్త ఏడు మొదలుపెడతారు. అందులో తప్పేముంది, మంచి ఆచారమే అని మేమూ అనుకునేవాళ్లం.

మామకు సొంతానికి ఒక పాత తెల్లకారు ఉండేది. మా పెళ్లయిన మరుసటి ఏడు, శ్రావణంలో, నా భార్య పుట్టింటికి వచ్చినప్పుడు ఆ కారు మిస్సింగ్ విని, మూత తీసి చూసింది. "నాయినా, షాఫ్టు ఆడతాంది" అంది. "తెలుసులేమ్మా. ఆయుధపూజకు ఇప్పుతా" అన్నాడాయన. డబ్బా రేకు సన్నగా కత్తిరించి సందులో దోపాడు. బండి బాగానే నడిచింది.

కొద్దిరోజులకే, ఆమెను తీసుకుపోవడానికి నేను డోన్ వచ్చి ఉన్నప్పుడు, శెనక్కాయ చేనులో అత్తను రక్తపింజర కరిచింది. అంబులెన్సు వేరే కేసు మీద పోయిందన్నారు. ఆ కారులోనే కర్నూలుకు బయలుదేరాం. వెనక సీట్లో అత్త తల కూతురి ఒడిలో ఉంది, నేను ముందు కూర్చున్నాను. వెల్దుర్తి దాటాక, ఎండలో, బండి దగ్గడం మొదలుపెట్టింది. రేకు జారిపోయింది. మామ దిగి, మూత తీసి, నిప్పు పుట్టించే పాయింట్లు సరిచేశాడు, స్టార్టయింది, కొంచెం దూరం పోయి ఆగిపోయింది. మళ్లీ దిగాడు. జారిన రేకును మళ్లీ దోపాడు, అది నిలవలేదు. చివరికి టమోటాల వ్యాను ఒకటి ఆపి ఎక్కించాం. ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకొంచెం ముందు తెచ్చుంటే" అని అంతటితో ఆపాడు. ఆ మాట నా భార్య విన్నది.

ఆనాటి నుంచి ఆమె ఆయన్ను నాయినా అని పిలవలేదు. అన్నం పెట్టేది, అడిగితే ఊ అనేది, అంతే. ప్రతి దసరాకూ ఆయన చీర తెచ్చేవాడు. ఆమె తీసుకొని బీరువాలో పెట్టేది, కట్టేది కాదు. ఆమె ఎదురుగా ఉండగానే "బాగుండాదా అప్పా?" అని నన్ను అడిగేవాడు. నాకు వాళ్లిద్దరి మీదా కోపం వచ్చేది. ఒకసారి విసుగొచ్చి, "తప్పయిందని ఒక్క మాట చెప్పు మామా" అన్నాను. "చెప్తే మీ అత్త లేసి వస్తాదా?" అన్నాడు.

తెల్లకారు షెడ్డు మూల టార్పాలిన్ కింద ఉండిపోయింది. షెడ్డులో ఆయుధపూజ మానేశాడు. ఎవరి బండిలోనైనా షాఫ్టు ఊగితే, రోటరు పీకి జేబులో వేసుకునేవాడు. బాగుచేసేదాకా ఇచ్చేవాడు కాదు. ఒక పెద్ద రైతు మీదికొచ్చి, "నా బండి, నా ఇష్టం!" అని అరిచాడు. "బండి నీదేప్పా. దాంట్లో ఎక్కేటోళ్లు నీవోళ్లు కాదా?" అన్నాడు మామ. పిచ్చోడని డోన్‌లో పేరు పడింది. బేరాలు తగ్గాయి. అయినా రోటరు ఉన్న జేబు మీది నుంచి చేయి మాత్రం తీయలేదు.

పోయిన రోజు కూడా ఆయన చొక్కా జేబులో ఎవరిదో రోటరు ఉంది. మామ మీద దండ వేసిన ఒకాయన ఎంతసేపటికీ కదలకపోతే దగ్గరివాడేమో అనుకున్నాను. చివరికి నన్ను పక్కకు పిలిచి, "జీపు నాదేప్పా" అన్నాడు సిగ్గుపడుతూ.

మట్టి చేసిన మరుసటి పొద్దున నా భార్య షెడ్డుకు పోదామంది. టార్పాలిన్ తనే లాగింది. కారు మీద దుమ్ము లేదు. బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి, రోటరు లాగి, షాఫ్టును రెండు వేళ్లతో పట్టి ఊపింది. మళ్లీ ఊపింది. అది రవ్వంత కూడా ఆడలేదు.

"ఎప్పుడు చేసినాడు?" అంది.

సాయిబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మీయమ్మ దినాలయిన మర్సటి పొద్దునే పోయి, కర్నూల్లో లేతు మిషను కాడ కూకోని కొత్త బుష్షు ఏయించకొచ్చినాడమ్మా. అప్పట్నుంచి దినామూ తెల్లారి స్టార్టు చేసి, ఇని, నూనె సుక్క ఏసి, ఆపి కప్పేస్తాండె. బయటికి మాత్రం ఒక్కనాడు తీయల్యా. బిడ్డకు చెప్పన్నా అంటి. మనిసి చచ్చినంక బాగుచేసినా అని యా మొగంతో చెప్పేది అనె."

ఆమె రోటరు, మూత ఎక్కడివక్కడ పెట్టింది. తాళం తిప్పింది. ఇంజిను వెంటనే అందుకుంది. దిగి, వెనక తలుపు తీసి, ఆనాడు అమ్మ తలను ఒడిలో పెట్టుకొని కూర్చున్న చోటే కూర్చుంది. వాళ్ల నాయన లాగే కళ్లు మూసుకుని విన్నది. పెదవులు కదిలాయి. ఏమన్నదో ఆ చప్పుడులో నాకు వినిపించలేదు. ఇంజిను ఒక్కసారి కూడా మిస్ కాలేదు. పెట్రోలు అయిపోయి అదే ఆగేదాకా మేమెవరమూ తాళం తిప్పి ఆపలేదు.