ఆడెల్‌హైడ్ మేనమామ కొడుకు

నా పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక మార్చి నెల మొదటి సోమవారం, డబ్లిన్‌లోని ఒక గ్రంథాలయంలో, రాతప్రతుల విభాగంలో నాకు కొత్త పని అప్పగించారు. అప్పటికి నేను అసిస్టెంట్ కేటలాగర్‌ని. మా పై అధికారి మోరా. ఆ హోదాను కీపర్ అంటారు. జర్మనీలోని ఒక పాత కుటుంబం ప్రదర్శన కోసం అరువిచ్చిన దానపత్రానికి నేను వివరణ రాయాలి. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో ముగుస్తుంది. పొడిగించేదీ లేనిదీ మోరా చేతిలో ఉంది.

దానపత్రం ఆడెల్‌హైడ్ అనే మధ్యయుగపు దొరసానిది. తన ద్రాక్షతోటను సన్యాసినుల మఠానికి రాసిచ్చింది. చర్మపత్రం కింద రెండు మైనపు ముద్రలు వేలాడుతున్నాయి. మొదటి ముద్రలో ఆమె చెరో చేత ఒక డాలు పట్టుకుని నిలబడి ఉంది. దొరసానుల పద్ధతి అది: ఒకటి భర్త వంశపు డాలు, ఇంకొకటి పుట్టింటిది. డాలు మీది బొమ్మే వంశపు గుర్తు. రెండో ముద్ర సాక్షి సంతకం లాంటిది. ఆ సాక్షి ఆమె మేనమామ అని పత్రంలోనే రాసి ఉంది. అతని డాలు మీద మూడు చక్రాలు. ఆమె భర్త డాలు మీదా మూడు చక్రాలే. ఇంకేముంది, మేనమామ కొడుకునే చేసుకుందని వంశవృక్షం గీసి పంపించేశాను. అంత చకచకా తేల్చినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

అచ్చుకు వెళ్లే ముందురోజు మధ్యాహ్నం మోరా నా బల్ల దగ్గరికి వచ్చింది. అంతా గ్రాండ్‌గా ఉందని మెచ్చుకుని, మరి ఆ పెళ్లికి పోప్ ఇచ్చిన అనుమతి పత్రం ఎక్కడుందని అడిగింది. ఆ కాలంలో చర్చి నాలుగు తరాల లోపు బంధువుల పెళ్లి ఒప్పుకునేది కాదు. అనుమతి లేకపోతే పెళ్లి చెల్లదనవచ్చు, పిల్లల వారసత్వం పోవచ్చు. పత్రం అరువిచ్చినవాళ్లు ఆ పిల్లల వంశమే. రేపు పదకొండింటికల్లా ఆధారం చూపమంది.

సాయంత్రం దాకా అలాంటి అనుమతుల సూచికలన్నీ తిరగేసినా ఏమీ దొరకలేదు. బస్సు మా ఇల్లున్న బ్లాంచర్డ్స్‌టౌన్ చేరేదాకా ఒళ్లో బ్యాగు పట్టీ మెలితిప్పుతూనే ఉన్నాను.

మా ఆయన ప్రభాకర్ నర్సు. డ్యూటీ దిగి వచ్చి టీ పెడుతున్నాడు. అంతా విని నవ్వేశాడు.

"దీనికింత కంగారెందుకు రూతూ? నువ్వు నన్ను చేసుకోలేదా? మా నాన్న నీకు మేనమామేగా. మన పాస్టరుగారు ఎవరి పర్మిషన్ అడిగారేంటి?"

"అదే బావా," అన్నాను. "అక్కడే పప్పులో కాలేశాను."

ఆడెల్‌హైడ్ పేరు కింద నేను గీసింది మా ఇంటి వంశవృక్షం.

మర్నాడు ఎనిమిదిన్నరకే వెళ్లి, దీపం పక్కనుంచి ఏటవాలుగా పెట్టి ముద్రల్ని మళ్లీ చూశాను. మూడు చక్రాలే. అయితే మైనంలో రంగులు కనబడవు. ఒకే గుర్తును వేర్వేరు రంగుల్లో సంబంధం లేని వంశాలూ వాడుకునేవి. శిక్షణ మొదటి వారంలోనే నేర్పిన సంగతి ఇది. మోరా గదికి వెళ్లి ఆధారం లేదని, మావైపు అలవాటు కొద్దీ ఊహించానని చెప్పాను. మీ ఇంట్లో ఎవరైనా అలా చేసుకున్నారా అని అడిగింది. నేనే, అన్నాను. ఆమె నవ్వలేదు. ఎర్ర పెన్సిలు అందించింది. మేనమామ నుంచి భర్తకు గీసిన గీతను నేనే కొట్టేసి, 'బంధుత్వం తెలియదు' అని రాశాను.

నేను రెండేళ్లకు అడిగిన కాంట్రాక్టును ఆరు నెలలకే పొడిగించారు. ఆ ఆరు నెలలూ, ఆ తర్వాత కూడా, ఏ వంశవృక్షంలోనైనా నాకు వెంటనే అర్థమైన గీతనే ముందు అనుమానించాను. అర్థం కానివాటికి ఎలాగూ ఆధారం వెతుకుతాను.